విమానాలకు ముక్కులు చేసే మనిషి

ఆయన్ని అందరూ ముక్కులాయన అనేవారు. విమానం ముందు భాగంలో ఇంజనును కప్పి ఉంచే తొడుగు ఉంటుంది కదా, దాన్ని తయారు చేయడం ఆయన పని. పెద్ద విమానాలకు కాదు. సెలవు రోజుల్లో షెడ్డులో దూరి, ఏళ్ల తరబడి తంటాలు పడి, తమ విమానం తామే కట్టుకునే పిచ్చివాళ్లు కొందరుంటారు. ఊరి చివర చిన్న రన్‌వే పక్కన అలాంటివాళ్ల షెడ్లు వరసగా ఉండేవి. వాళ్లకు రెక్కలు కుదిరేవి, తోక కుదిరేది, ముక్కు దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసేవారు. అప్పుడు ఈయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు.

ముక్కులు చేసే మనిషే గానీ ముక్కుసూటిగా మాట్లాడే మనిషి కాదు. ఎదుటివాడి మాట కాదనాలంటే ఆయనకు గొంతులో వెలక్కాయ పడ్డట్టుండేది. దానికి తోడు పుట్టు భయస్థుడు. ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి తాళం లాగి చూసేవాడు. గ్యాస్ కట్టేశావా అని దారి పొడవునా భార్యను అడుగుతూనే ఉండేవాడు. నిచ్చెన ఎక్కితే రెండో మెట్టు మీదే కాళ్లు వణికేవి. ఆయన చేసిన ముక్కులు ఎన్నో ఆకాశంలో తిరిగాయి గానీ ఆయన మాత్రం ఒక్కసారైనా విమానం ఎక్కలేదు. ఎవరైనా రమ్మని పిలిస్తే, నా పని ముక్కు వరకేనండీ అని నవ్వేసి తప్పించుకునేవాడు.

పడుచు వయసంతా బస్సు బాడీలు కట్టే కార్ఖానాలో గడిచింది. గాజు పీచు పరిచి, దాని మీద రెజిన్ జిగురు పూసి, బస్సుల ముఖాలు పోతపోసేవాడు. కార్ఖానా మూతబడ్డప్పుడు ఇంట్లో మూలన కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే, భార్యకు స్వయానా అన్నగారు వచ్చి తన షెడ్డులో సగం ఖాళీ చేసి ఇచ్చాడు. ఆయన రైలింజను నడిపిన మనిషి. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది. రిటైరయ్యాక విమానం కట్టుకోవాలన్న పంతం ఒకటి పట్టుకుంది. షెడ్డులో ఆ సగంలో ఆయన విమానం, ఈ సగంలో ఈయన అచ్చులు. నీడ చూపించిన మనిషన్న కృతజ్ఞత వల్ల, ముక్కులాయన బావగారి మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

కూతురు ఆ షెడ్డులోనే పెరిగింది. రెక్కలు లేని విమానంలో కూర్చుని హోంవర్కు చేసుకునేది. పెద్దయ్యాక పైలట్ అవుతానంటే తండ్రి అవుననలేదు, కాదనలేదు. వెనక వరండాలోకి పోయి ఎమరీ కాగితం తీసుకుని, అప్పటికే అద్దంలా మెరుస్తున్న అచ్చును సాయంత్రం దాకా రుద్దుతూ కూర్చున్నాడు. అమ్మాయి పైలటూ అయింది, అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో ఎగరడం నేర్పే టీచరూ అయింది. ఆమె గాల్లో ఉన్నంతసేపూ ఆయన చేతిలోని పని చేతిలోనే ఆగిపోయేది. ఇంజను చప్పుడు చెవిన పడుతూ ఉండాలి. గాలి అటు తిరిగి చప్పుడు వినబడకపోతే లేచి బయటికొచ్చి ఆకాశం వెతికేవాడు.

భార్య మాత్రం నిబ్బరంగా ఉండేది. ఆవిడ కర్టెన్లు కుట్టే దుకాణంలో పనిచేసేది, రన్‌వే వైపు ఎప్పుడూ వచ్చేది కాదు. "మీరు చేసిన ముక్కే కదండీ, ఏమవుతుంది?" అనేది. ధైర్యం చెప్పడానికే అనేది గానీ, ఆ మాట వింటే ఆయనకు ఉన్న ధైర్యం కాస్తా జారిపోయేది.

అసలు కథ బావగారి విమానానికి ముక్కు పెట్టే దగ్గర మొదలైంది.

ఆ ఇంజనుకు నీళ్లుండవు, గాలే దాన్ని చల్లార్చాలి. నాలుగు సిలిండర్లు అటు రెండు, ఇటు రెండు పడుకుని ఉంటాయి. ముక్కుకు ముందు రెండు రంధ్రాలు, విమానాన్ని లాగే పంకాకు అటొకటి ఇటొకటి. వాటిలోంచి గాలి దూరి, ఇంజను పైకి చేరి, సిలిండర్ల సందుల్లోంచి కిందికి దిగి, అడుగున వెనక ఉన్న తూములోంచి బయటికి పోవాలి. గాలి ఎక్కడ దారి తప్పినా ఇంజను కాగిపోతుంది. మరీ కాగితే ఆగిపోతుంది.

బావగారికి రేసు విమానాల బొమ్మలంటే ప్రాణం. రంధ్రాలు పెద్దవిగా ఉండాలన్నాడు, అంచులు కత్తిలా పల్చగా ఉండాలన్నాడు. "ఎంత పెద్ద నోరు పెడితే అంత గాలి మింగుతుంది బావగారూ. దీనికి శాస్త్రం ఎందుకు?" అన్నాడు. ముక్కులాయన ఇంతకుముందు చేసిన ముక్కులన్నిటికీ రంధ్రం చుట్టూ బొద్దుగా పెదవిలాంటి అంచు పెట్టేవాడు. ఎందుకని అడిగితే సరైన జవాబు చెప్పలేడు. మొదటి ముక్కు అలా చేశాడు, అది బాగా పనిచేసింది, అదే అలవాటయింది. ఆ మాట ఒకసారి నసిగి చూశాడు. బావగారు చెవిన వేసుకోలేదు. ఈయన రెండోసారి చెప్పలేదు. అడిగినట్టే పెద్ద నోళ్లు, పల్చటి అంచులు పెట్టి, రంగు వేసి, తళతళలాడించి ఇచ్చాడు.

విమానం పూర్తయ్యే వేళకు బావగారికి గుండెపోటు వచ్చింది. మనిషి దక్కాడు గానీ విమానం నడపకూడదన్నారు డాక్టర్లు. ఆయన మర్నాడు షెడ్డుకొచ్చి, నా బదులు నా మేనకోడలు ఎగరేస్తుంది అని ప్రకటించాడు. అమ్మాయి అప్పటికే ఒప్పుకుని ఉంది. ముక్కులాయన చేతిలోని బ్రష్షు రెజిన్ డబ్బాలోనే ఉండిపోయి గట్టిపడింది.

మొదటిసారి విమానం లేచిన ఉదయం గాలి లేదు, మబ్బు లేదు. ఆయన షెడ్డు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. విమానం లేచింది. ఎక్కుతూ ఎక్కుతూ ఉన్నట్టుండి ముక్కు దించి, ఒక చుట్టు తిరిగి వచ్చేసింది. దిగాక అమ్మాయి హెడ్‌ఫోను తీసి, నింపాదిగా, ఎక్కేటప్పుడు సిలిండర్లు కాగుతున్నాయి మామయ్యా, వేడి చూపే సూది ఎర్ర గీత దగ్గరికి పోతోంది అంది. ముక్కు మీద చెయ్యి పెట్టబోయి ముక్కులాయన వెనక్కి లాక్కున్నాడు. కాలిన రంగు వాసన వస్తోంది.

గాలి చాల్లేదు, నోరు ఇంకా పెద్దది చేద్దామన్నాడు బావగారు. అప్పుడైనా నోరు విప్పాలి. ముక్కులాయన విప్పలేదు. రంపంతో రంధ్రాలను చుట్టూ కోశాడు. కోసేసరికి అంచుకు మిగిలి ఉన్న కాస్త గుండ్రదనమూ పోయి, రేకులా మిగిలింది. కోస్తున్నంతసేపూ ఎవరో తన వేలే కోస్తున్నట్టు అనిపించింది, కానీ ఎందుకో చెప్పలేకపోయాడు. ఇంటికి పోయి అన్నం కెలికి లేచాడు. భార్య ఏమైందని అడిగితే ఆకలి లేదన్నాడు.

రెండోసారి ఇంకా ఘోరంగా జరిగింది. విమానం లేచి రన్‌వే చివర దాటిందో లేదో, ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినగానే ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తాలనుకున్నాడు, ఎటు పరిగెత్తాలో తెలియలేదు. అమ్మాయి ఇంజను తగ్గించేసి, గాలిలో జారుతూ, అర్ధచుట్టు తిరిగి, అడ్డదిడ్డంగా వీస్తున్న గాలిలో రన్‌వే గడ్డి అంచున దింపింది. అమ్మాయే నడిచి ఆయన దగ్గరికొచ్చింది. ఆమె మెడ మీద చెమట, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకు దాచుకోవడానికి జేబులో చేతులు పెట్టుకుంది. ఆయన చూడనే చూశాడు.

రెండు రోజులు పోయాక ఒక మధ్యాహ్నం షెడ్డులో తండ్రీకూతుళ్లు ఇద్దరే ఉన్నప్పుడు, ఇంక ఈ విమానం ఎక్కొద్దమ్మా అని బతిమాలాడు. బావగారికి తానే చెబుతానన్నాడు. తాను చెప్పలేడని ఇద్దరికీ తెలుసు.

అమ్మాయి ఒక బల్ల మీద కూర్చుంది. "నాన్నా, మామయ్య ఒకటి అంటాడు, నువ్వు ఇంకొకటి అనుకుంటావు, పైకి మాత్రం అనవు. అసలు లోపల గాలి ఏం చేస్తోందో మనలో ఎవరం చూడలేదు. చూడకుండా కోసుకుంటూ పోతున్నాం" అంది.

గాలి ఎలా కనిపిస్తుందమ్మా అన్నాడాయన.

దానికామె ఒక ఉపాయం చెప్పింది. పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ గొట్టాలను వంచి, వాటిలో ఎర్ర రంగు కలిపిన నీళ్లు పోసి, ఒక పలక మీద బిగించాలి. గొట్టాల ఒక చివర రంధ్రాల లోపలికీ ఇంజను పైకీ పోవాలి, రెండో చివర ఇంజను కిందికి. పైన గాలి ఎంత గట్టిగా తోస్తుంటే నీళ్లు అంత ఎత్తున నిలబడతాయి. కాకపోతే విమానం నడుపుతూ నీళ్ల మీద చూపు నిలపలేను, పక్క సీటులో ఒకరు కూర్చుని చూడాలి అంది.

ఆ ఒకరు ఎవరో అర్థమై ముక్కులాయన లేచి, బిగించి ఉన్న రెజిన్ డబ్బా మూతను మళ్లీ బిగించాడు.

"మామయ్యను తీసుకెళ్లలేను. క్లబ్బులో కుర్రాళ్లకు అది నీళ్ల గొట్టం, అంతే. నువ్వైతే చూస్తావు. రన్‌వే పైన గాల్లోనే తిరుగుదాం, ఇంజను ఆగినా జారుకుంటూ దిగేంత దూరంలో. పర్మిషన్ అడిగి తెచ్చాను" అంది అమ్మాయి. బల్ల దిగి, "నాకు కూడా భయం వేసింది నాన్నా, మొన్న. అందుకే అడుగుతున్నాను" అంది.

ఆ చివరి మాట లేకపోతే ఆయన ఏదో ఒక సాకు చెప్పి ఉండేవాడే.

భార్యకు చెప్పకుండానే వెళ్లాడు. పలకను ఒళ్లో పెట్టుకుని, బెల్టు బిగించుకుని, విడిపించుకుని, మళ్లీ బిగించుకున్నాడు. ఇంజను మొదలవగానే దవడలు టకటకలాడాయి. విమానం పరుగెత్తింది, కుర్చీ వీపును తోసింది. ఆయన కిటికీ వైపు తల తిప్పలేదు. కింద ఊరు ఎలా కనిపించిందని తరువాత చాలామంది అడిగారు. ఆయనకు తెలియదు. ఆయన చూసింది ఎర్ర నీళ్లనే.

నేల మీద పరుగెత్తుతున్నంతసేపూ నీళ్లు బుద్ధిగా పైకి లేచాయి. విమానం ముక్కు ఎత్తి ఎక్కడం మొదలుపెట్టగానే ఎడమ రంధ్రం గొట్టంలో నీళ్లు వణికి, కిందికి జారాయి. వెనకే కుడిదీ జారింది, కొంచెం తక్కువగా. సూది కదులుతోంది నాన్నా అంది అమ్మాయి. ముక్కు దించింది. నీళ్లు పైకొచ్చాయి. మళ్లీ ఎత్తింది. నీళ్లు మళ్లీ జారాయి. ఏదో చెయ్యి వచ్చి గొట్టాన్ని నొక్కినట్టే జారాయి.

ఆయన దవడలు ఎప్పుడు ఆగాయో ఆయనకే తెలియదు. "ఇంకోసారి ఎత్తమ్మా. నెమ్మదిగా. నేను చెప్పేదాకా దించకు" అన్నాడు.

అమ్మాయి ఒక్క క్షణం తండ్రి ముఖంలోకి చూసి, ఎత్తింది.

దిగాక ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా కుళాయి దగ్గరికి పోయాడు. టీ గ్లాసులు కడిగే ఆ కుళాయి కింద ముందు చాకు అంచు పెట్టాడు. నీటి ధార చీలి చెదిరిపోయింది. తరువాత చెంచా వీపు పెట్టాడు. ధార దాన్ని అంటుకుని, ఒంపు వెంట తిరిగి, అటువైపు జారింది. విమానం ముక్కు ఎత్తినప్పుడు గాలి ఎదురుగా రాదు, కిందినుంచి వస్తుంది. కింది అంచు మీదుగా తిరిగి లోపలికి పోవాలి. అంచు చాకులా ఉంటే తిరగలేక చెదిరి, గుమ్మంలోనే సుడి తిరుగుతూ, సగం బయటికే ఉమ్మేస్తుంది. నోరు ఎంత పెద్దదైతే ఏం, మింగడం రాకపోతే. ఇన్నేళ్లూ అలవాటుగా పెట్టిన బొద్దు పెదవి ఏం చేసేదో ఆయనకు ఆ రోజే తెలిసింది. వెంటనే రెండో ఆలోచన వచ్చి, కుళాయి కట్టకుండానే అక్కడ కూలబడ్డాడు. మొదటిరోజే గట్టిగా చెప్పి ఉంటే అమ్మాయి ఇంజను దగ్గుతున్న విమానంలో కూర్చునేది కాదు.

సాయంత్రం బావగారికి అన్నీ చెప్పారు. రంధ్రాలు చిన్నవి చేయాలి, కింది పెదవి బొద్దుగా పెట్టాలి, లోపల గొంతు సన్నాయిలా క్రమంగా వెడల్పవ్వాలి, ఇంజను పక్కన సందులన్నీ రబ్బరుతో మూయాలి, వెనక తూము పెద్దది చేయాలి.

"ఊపిరాడక అది ఉక్కిరిబిక్కిరి అవుతుంటే నోరు చిన్నది చేస్తానంటారేంటి బావగారూ?" అన్నాడా రైలింజను పెద్దాయన. మాటలో ఎగతాళి ఉంది, కోపమూ ఉంది. ఆ విమానం ముఖం ఆయన కలలో చూసుకున్న ముఖం.

ముక్కులాయన చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్న బల్ల అంచు పట్టుకున్నాడు. "బావగారూ, మొదట్లోనే మీకు అడ్డం చెప్పాల్సింది. మీరు నాకు నీడ ఇచ్చారని నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని మన పిల్లను అందులో కూర్చోబెట్టాను. ఇంక మూసుకోను. నేను చెప్పినట్టు చేస్తేనే ఈ విమానం షెడ్డులోంచి కదలాలి. లేకపోతే కదలనివ్వను."

పెద్దాయన ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. తరువాత కొన్నాళ్లు షెడ్డు వైపే రాలేదు. ఆ రోజుల్లో ముక్కులాయన పని చేస్తూనే చీటికీమాటికీ షెడ్డు గుమ్మం వైపు చూసేవాడు. తెగతెంపులైపోయాయేమోనన్న బెంగ ఒకవైపు, చేస్తున్నది తప్పేమోనన్న బెంగ ఇంకోవైపు. మట్టితో పెదవి నమూనా చేసి, కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి, ఎక్కడ మలుపు గరుకుగా తగిలితే అక్కడ మళ్లీ గీకేవాడు. అమ్మాయి క్లబ్బు పని అయ్యాక వచ్చి పీచు కత్తిరించి ఇచ్చేది. ఒక ఉదయం ఇద్దరూ తలెత్తి చూసేసరికి పెద్దాయన చంకలో రబ్బరు షీటు చుట్ట పెట్టుకుని నిలబడి ఉన్నాడు. సందులు మూయాలన్నారుగా, ఇది వేడికి కరగదు, రైలింజన్ల దగ్గర పాతవాళ్లను అడిగి తెచ్చాను అన్నాడు. ముగ్గురూ పనిలో పడ్డారు.

కొత్త ముక్కుతో మొదటిసారి ఎగిరే రోజు ఉదయం ఇంట్లో ఆయన చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుంటుంటే, భార్య వచ్చి సరిచేసి, నేనూ వస్తాను అంది. ఆయన ఆశ్చర్యపోయాడు. షెడ్డు ముందు నిలబడ్డాక, విమానం రన్‌వే చివరికి పోతుంటే, ఆయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి మంచుముక్కలా ఉంది.

"రోజూ దుకాణం మేడ మీదికెక్కి చప్పుడు వింటాను. దిగిందని తెలిసేదాకా మిషను మీద కూర్చోలేను. మొన్న మీరు ఎక్కారని కూడా నాకు తెలుసు, అమ్మాయి చెప్పింది" అంది నెమ్మదిగా.

మరి ఎప్పుడూ చెప్పలేదేమన్నాడాయన.

"ఇద్దరం వణుకుతూ కూర్చుంటే ఇల్లెలా నడుస్తుందండీ."

అంతలో విమానం పరుగు తీసింది. పెద్దాయన చేతిలో చిన్న రేడియో ఉంది, అందులో అమ్మాయి గొంతు గరగరమంటూ వస్తోంది. విమానం లేచింది. ముక్కు ఎత్తింది. ముక్కులాయన భార్య చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆవిడ వేళ్లు తెల్లబడ్డాయి. ఎక్కుతున్నాను అంది రేడియో. సూది లేస్తోంది అంది. కాసేపు ఏమీ అనలేదు. ఆ కాసేపట్లో ఆయనకు తాను చేసిన ప్రతి పొరా కళ్ల ముందు తిరిగింది. రెజిన్ సరిగా కలిపానా, రబ్బరు లోపలికి మడత పడిందా, పెదవి కింద గాలి బుడగ ఏమైనా మిగిలిందా. ఇంజను దగ్గుతుందేమోనని చెవులు రిక్కించాడు. అది దగ్గలేదు.

"సూది ఆగింది మామయ్యా. పచ్చ గీతలోనే ఆగింది. ఇంకా ఎక్కుతున్నాను" అంది రేడియో.

పెద్దాయన రేడియోను చెవి దగ్గరినుంచి తీసి, ముక్కులాయన చేతికిచ్చేశాడు. నేనమ్మా, నాన్నను, వెనక సిలిండర్లు ఎలా ఉన్నాయి అని అడిగాడాయన. ఎడమవైపు వెనకది మిగతావాటికన్నా కాస్త వేడిగా ఉంది, భయపడేంత కాదు అంది. ఆయన తలూపాడు, రేడియోకు తల ఊపడం కనిపించదని మరిచిపోయి.

విమానం దిగింది. పంకా ఆగాక అమ్మాయి పైకప్పు తెరిచి నవ్వింది. పెద్దాయన వెళ్లి రెక్క మీద చెయ్యి వేసి, అటు తిరిగి నిలబడ్డాడు. అలా చాలాసేపు అటే తిరిగి ఉన్నాడు. ముక్కులాయన ముక్కు ముందు మోకాళ్ల మీద కూర్చుని రంధ్రంలోకి చూశాడు. పంకా దగ్గరినుంచి చిమ్మిన సన్నటి నూనె గీత ఒకటి కింది పెదవి మీదుగా పాకి, ఒంపు తిరిగి, ఎక్కడా తెగకుండా లోపలికి పోయింది. ఆయన ఆ గీత వెంట వేలు పెట్టి లోపలిదాకా తడిమాడు. ఆ వెనక సిలిండరు వైపు రబ్బరు ఇంకాస్త పైకి జరపాలి, రేపు పొద్దున్నే చూడాలి అని తనలో తాను గొణుక్కున్నాడు.

భార్య పక్కన వచ్చి వంగింది. ఇన్నేళ్లలో ఆవిడ ఆయన చేసిన ముక్కును దగ్గరగా చూడటం అదే మొదలు. కర్టెను బట్టను పట్టి చూసినట్టు, మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా దాని మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంకా వేడిగానే ఉందండీ" అంది.

"ఉంటుంది. ఇప్పుడే కదా దిగింది" అన్నాడాయన.